బిందు ఊరికి వెళ్తే పొద్దున్నే బయల్దేరండి

డార్జిలింగ్ ప్లాన్ చేస్తున్నవాళ్లు ఒక రోజు బిందుకి ఉంచుకోండి. పశ్చిమ బెంగాల్‌లో, భూటాన్ సరిహద్దు దగ్గర జల్‌ఢాకా నది ఒడ్డున ఉన్న చిన్న కొండ ఊరు. విజయవాడ మీదుగా గువాహటి వెళ్లే రైళ్లు న్యూ జల్పాయిగుడిలో ఆగుతాయి. అక్కడినుంచి కారు మాట్లాడుకుని చాల్సా మీదుగా వెళ్లాలి. తేయాకు తోటల మధ్య రోడ్డు, ఎక్కడ ఆపినా బాగుంటుంది. కానీ డిసెంబర్‌లో అక్కడ 5 కాకముందే సూర్యుడు దిగిపోతాడు. మన లెక్కన సాయంత్రం తిరుగుదామంటే కొండదారిలో చీకటే! నగదు చాల్సాలోనే తీసుకోండి, పైన ఫోన్‌పేని నమ్ముకోవద్దు. బిందులో నదిపై ఉన్న బ్యారేజీకి దిగువన నీళ్లు తక్కువున్నాయని పిల్లల్ని దింపకండి, గేట్లు ఎత్తితే ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. వానాకాలం మాత్రం వద్దు, కొండచరియలు విరిగిపడతాయి.