కారు కిందికి దూరకుండా ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం: అమెరికాకి కొత్తగా వచ్చినవారికి

ఇక్కడికి వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొన్న మన పిల్లలు త్వరలోనే అడిగే ప్రశ్న: ఆయిల్ ఛేంజ్ ఎక్కడ చేయించాలి? షాపులో ఫుల్ సింథటిక్ ఆయిల్ వేయిస్తే 70, 80 డాలర్లు మామూలు. ఐదు క్వార్ట్‌ల (సుమారు 4.7 లీటర్ల) ఆయిల్ డబ్బా, ఫిల్టర్ మనమే కొనుక్కుంటే సుమారు అందులో సగంతో పోతుంది. అసలు ఇబ్బంది చోటుతోనే. లిఫ్టు ఉండదు, గ్యారేజీ ఉండదు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు ఎత్తి కింద పడుకోవాలి.

ఆ పని మాత్రం చేయొద్దు. డిక్కీలో కారుతోపాటు వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్ముకుని కారు కింద తల పెట్టకూడదు. ఎత్తిన కారుని మోసే ఇనుప స్టాండ్లు పెట్టకుండా కింద దూరిన మనుషుల మీద కార్లు పడి ప్రాణాలు పోయాయి. నలభై డాలర్ల ఆదా కోసం అంత ప్రమాదం తలకెత్తుకోవాల్సిన అవసరం లేదు, ఎందుకంటే ఆయిల్‌ని పైనుంచే లాగేయొచ్చు.

దీనికి ఆయిల్ ఎక్స్‌ట్రాక్టర్ కావాలి. ఆరేడు లీటర్లు పట్టే ప్లాస్టిక్ ట్యాంకు, దాని నెత్తిన చేత్తో కొట్టే పంపు, సన్నటి గొట్టం, అంతే. బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే సన్నటి కడ్డీ) తీసి, ఆ దారిలోనే గొట్టాన్ని ఆయిల్ పాన్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగుదాకా దించుతాం. పంపు కొడితే ట్యాంకులో గాలి తగ్గి ఆయిల్ దానంతటదే పైకి వస్తుంది. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుంటే ఏళ్ల తరబడి సరిపోతుంది.

కొనేముందు మీ కారుకి ఇది పనికొస్తుందో లేదో చూడాలి. ఆయిల్ పైనుంచి వచ్చినా ఫిల్టర్ కింద ఉంటే మళ్లీ కిందికి దూరాల్సిందేగా! 2014 నుంచి వచ్చిన సుబారు ఫారెస్టర్లలో, చాలా మెర్సిడెస్ ఇంజన్లలో ఫిల్టర్ పైనే ఉంటుంది. వాటికి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. మనవాళ్లు ఎక్కువగా కొనే టొయోటా, హోండాల్లో చాలావాటికి ఫిల్టర్ కిందే ఉంటుంది. అలాంటి కారైతే షాపుకే వెళ్లండి, నా మాట వినండి. చాలా బీఎండబ్ల్యూలకి అసలు డిప్‌స్టిక్కే ఉండదు.

పనికి దిగేముందు లీజు కాగితం ఒకసారి చదవండి. పార్కింగ్‌లో రిపేర్లు కూడదని చాలా అపార్ట్‌మెంట్లు రాసుకుంటాయి. అలా ఉంటే ఇల్లున్న స్నేహితుడి డ్రైవ్‌వే అడగండి.

కారు సమంగా ఉన్న నేల మీద పెట్టి ఇంజన్‌ని కొద్ది నిమిషాలు నడిపి ఆపేయండి. గ్యారేజీలో అయితే తలుపు తీసి కాదు, కారే బయట పెట్టి నడపండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గోరువెచ్చటి ఆయిల్ పలచబడి తేలిగ్గా వస్తుంది. మరీ కాగిన ఆయిల్‌తో చేయి కాలుతుంది, గొట్టం మెత్తబడుతుంది. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, వాడిన ఆయిల్ ఒంటికి మంచిది కాదు.

మీరు తీస్తున్నది ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్కేనా అని మాన్యువల్‌లో బొమ్మ చూసి ఖాయం చేసుకోండి. కొన్ని కార్లకి గేర్‌బాక్స్ ఆయిల్‌కి కూడా పక్కనే ఇంకో డిప్‌స్టిక్ ఉంటుంది. ఆ ఆయిల్ లాగేస్తే గేర్‌బాక్స్ ఎండిపోతుంది, ఆ రిపేరు వేల డాలర్ల మాట.

గొట్టాన్ని తొందరపడకుండా దించాలి. ఒక చోట మెత్తగా ఆగినట్టు చేతికి తెలుస్తుంది, అదే పాన్ అడుగు. బలవంతంగా తోస్తే గొట్టం మడతపడి పైకి తిరుగుతుంది, ఆయిల్ సగం లోపలే ఉండిపోతుంది. పంపు కొట్టాక నల్లటి ఆయిల్ గొట్టంలో నిదానంగా పైకి పాకడం కనిపిస్తుంది. చివర్లో గుర్రుగుర్రుమని గాలి పీల్చే చప్పుడు వస్తుంది. అక్కడితో ఆపేయొద్దు. గొట్టాన్ని ఒక అంగుళం పైకి తీసి, కాస్త తిప్పి మళ్లీ దించండి, ఇంకొంచెం వస్తుంది.

ఇప్పుడు ట్యాంకు మీది గీతలు చూడండి. నేను అన్నిటికంటే పట్టించుకునేది ఇదే. లెక్క ఎలా ఉంటుందో చెప్పడానికి 2012-17 క్యామ్రీ 2.5 లీటర్ల ఇంజన్ తీసుకుందాం: ఫిల్టర్‌తో కలిపి 4.4 లీటర్లు, ఫిల్టర్ మార్చకపోతే 4.0. అంటే మొదలుపెట్టేముందు ఆయిల్ నిండుగా ఉండి ఉంటే ట్యాంకులోకి 4 లీటర్ల దరిదాపుల్లో రావాలి. మీ కారు మాన్యువల్‌లో కూడా ఇలాంటి అంకెలుంటాయి. వచ్చింది బాగా తక్కువైతే, గొట్టం అడుగుకి చేరలేదన్నమాట. ఎన్నిసార్లు దించినా అంతేనంటే, ఆ ఇంజన్‌కి ఈ పద్ధతి కుదరదు. వచ్చినంత కొలవకుండా మాన్యువల్ ప్రకారం కొత్త ఆయిల్ పోసేస్తే ఇంజన్‌లో ఎక్కువైపోతుంది, అది తక్కువ కావడం లాగే చెరుపు.

ఇలా లాగితే మడ్డి అడుగునే ఉండిపోతుందని కొందరంటారు. ఆయిల్‌లో కలిసి తిరిగే మురికి వెచ్చటి ఆయిల్‌తోపాటే వచ్చేస్తుంది. అడుగున గట్టిపడి అంటుకున్నది షాపులో చేసినట్టు పాన్ కిందున్న ఆయిల్ ప్లగ్ విప్పినా రాదు. నాకు తోచే నిజమైన లోటు వేరే ఉంది: కారు కింద ఎక్కడ కారుతోందో, ఏ రబ్బరు చిరిగిందో మీ కంటపడదు. ఏడాదికోసారి మెకానిక్ దగ్గర లిఫ్టెక్కించి చూపించండి.

ఫిల్టర్ మార్చి, దాని కొత్త రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ పూసి బిగించండి. గరాటు పెట్టి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు (చిక్కదనం) ఆయిల్, 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే, మొదట బయటికి వచ్చినదానికంటే అర లీటరు తక్కువగా పోయండి. ఇంజన్ ఒక నిమిషం నడిపి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసుకుంటూ పై గీత దాకా తెచ్చుకోండి.

తీసిన ఆయిల్‌ని ఖాళీ అయిన డబ్బాలోనే పోసి మూత బిగించండి. డ్రెయినేజీలో గానీ చెత్తకుండీలో గానీ వేయకూడదు. ఒక్క కారు ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపులు చాలాచోట్ల ఉచితంగా తీసుకుంటాయి, మీ ఊరి షాపుకి ముందే ఫోన్ చేయండి. అందులో కూలెంట్ గానీ నీళ్లు గానీ కలిస్తే తీసుకోరు.

వారంటీ ఉన్న కారైతే భయపడొద్దు. ఆయిల్ డీలర్ దగ్గరే మార్పించుకోవాలని షరతు పెట్టడాన్ని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. కాకపోతే మార్చినట్టు రుజువు మీ దగ్గరుండాలి. ఆయిల్, ఫిల్టర్ రసీదులు ఫోన్‌లో ఫొటో తీసి, ఆ రోజు ఓడోమీటర్ ఫొటో కూడా పక్కన పెట్టుకోండి.