మణికట్టు నొప్పికి మడత టవల్

బెంగళూరు పీజీ గదుల్లో టేబుళ్లు ఆఫీసు పనికి చేసినవి కావు. అంచు మణికట్టుకు ఒత్తుకుని సాయంత్రానికి చెయ్యి లాగేస్తుంది. నాకు ఖర్చులేని ఉపాయం ఒకటి బాగా పనిచేసింది. చిన్న టవల్‌ను నాలుగు మడతలు వేసి టేబుల్ అంచున పరిచి, దానిమీద ముంజేతులు ఆనించండి. మణికట్టు మాత్రం ఆనించకండి, అక్కడ నరం మీద ఒత్తిడి పడుతుంది. కీబోర్డు వెనక కాళ్లుంటే మడిచేయండి, అవి లేపితే మణికట్టు పైకి వంగిపోతుంది. కుర్చీ కిందికుంటే దిండు వేసుకోండి, మోచేతులు కీబోర్డు ఎత్తుకు రావాలి. మౌస్ పక్కనే పెట్టుకోండి. అరగంటకోసారి ఒక నిమిషం చేతులు కిందికి వదిలేయండి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం టవల్‌తో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.