స్థలం అమ్మే ముందు మట్టిలో కాలుష్యం బయటపడితే: లక్షణం, కారణం, పరిష్కారం

పెట్రోలు బంకు, మెకానిక్ షెడ్డు, ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్, డ్రైక్లీనింగ్, తోళ్ల పరిశ్రమ, కలపకు మందు పట్టించే డిపో, చెత్త పోసి పూడ్చిన గుంత. స్థలం చరిత్రలో వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, కొనేవారి తరఫు ఇంజనీరు బోరు వేసి చూడకుండా ఊరుకోడు. ఆయనకంటే ముందు మీకు తెలిస్తే, ఏం చేయాలో తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఆయన చెప్పాక తెలిస్తే బేరం ఆయన చేతిలోకి పోతుంది.

అన్నిటికంటే ఖరీదైన తప్పు, వాసన రాగానే జేసీబీని పిలవడం. దస్తావేజులో స్థలానికి నాలుగు హద్దులు ఉంటాయి. మట్టిలోని కాలుష్యానికి వేరే నాలుగు హద్దులు, వాటితోపాటు లోతు. ఆ హద్దులు గీయకుండా తవ్వితే మంచి మట్టి, చెడ్డ మట్టి కలిసిపోతాయి, ఎత్తాల్సిన లారీలు రెట్టింపవుతాయి. పైగా తవ్విన మట్టి 20 నుంచి 30 శాతం పొంగుతుంది. గుంత కొలతలతోనే లారీల లెక్క వేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

పని వరుస ఇది: పాత పటాలు, అనుమతి ఫైళ్లు, ఏరియల్ ఫొటోలు చూడటం, అక్కడ పనిచేసినవాళ్లను అడగటం, కాలినడకన స్థలమంతా తిరగటం, నమూనాలు, శుద్ధి, శుద్ధి జరిగిందని రుజువు చేసే నమూనాలు. ప్రతి దశలో మూడు ప్రశ్నలు వేసుకోవాలి. విషం ఎక్కడుంది? ఏ దారిన కదులుతోంది? ఎవరిని చేరుతోంది? ఈ మూడింటిలో ఒక్క లంకె తెగినా ప్రమాదం ఆగుతుంది. మట్టంతా ఎత్తిపోయడం ఒక్కటే మార్గం కాదు.

గుంటలోని నీటి మీద రంగురంగుల తెట్టు

ఒక పుల్లతో తెట్టును గీరి చూడండి. పగిలి, గాజు పెంకుల్లా విడివిడి ముక్కలై అలాగే నిలిస్తే అది ఇనుము తినే బ్యాక్టీరియా పొర, హాని లేదు. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోయి వలయాలు తిరిగితే అది నూనె. రెండోదైతే తెట్టు కనిపించిన చోటే మూలం ఉందనుకోవద్దు. నూనె నీటితోపాటు నడుస్తుంది కాబట్టి ఎగువ వైపు వెతకాలి.

భూగర్భజలం ఎటు పారుతోందో తెలియాలంటే కనీసం మూడు పరిశీలన బోర్లు కావాలి, అవి ఒకే గీత మీద ఉండకూడదు. నేల వాలును చూసి దిశ ఊహించడం తరచూ తప్పుతుంది. ఆ బోర్లలో చిల్లుల పైపు నీటిమట్టానికి కొంత పైనా, కొంత కిందా ఉండేలా దించాలి. పూర్తిగా నీటిలో మునిగితే తేలే నూనె పైపులోకి రాదు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, అది అబద్ధపు శుభ్రం. ఇంకొకటి: బోరులో కనిపించే నూనె మందం చాలాసార్లు చుట్టూ మట్టిలో ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. ఆ మందంతో స్థలమంతా గుణించి కంగారు పడొద్దు.

తవ్వగానే పెట్రోలు, డీజిల్ వాసన

కారణం ఎక్కువగా పాత భూగర్భ ట్యాంకో, దాని పైపు కీళ్లో. గోడ పక్కన పైకి లేచిన సన్నటి గొట్టం, నేలలో మూత ఉన్న నింపే నోరు, కాంక్రీటులో చతురస్రపు అతుకు కనిపిస్తే ట్యాంకు అక్కడే ఉండొచ్చు. మాగ్నెటోమీటరుతోనో (నేలలోని ఇనుమును పసిగట్టే పరికరం) గ్రౌండ్ రాడార్‌తోనో ఖాయం చేసుకోవాలి. బంకమట్టిలో రాడార్ లోతుకు చూడలేదు, అక్కడ మాగ్నెటోమీటరే నయం.

మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడొద్దు. పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. పిఐడి మీటర్ (గాలిలోని రసాయన ఆవిరిని కొలిచే చేతి పరికరం) వాడండి. జిప్ సంచిని మట్టితో సగం నింపి, మూసి, గడ్డలు నలిపి, పది పదిహేను నిమిషాలు ఉంచి, మూత మూల నుంచి మీటరు ముక్కు లోపలికి పెట్టి చదవండి. పెట్రోలుకు అంకె గట్టిగా లేస్తుంది. పాత డీజిల్‌కు అంతగా లేవదు, ఎందుకంటే ఆవిరయ్యే భాగం ఎప్పుడో పోయి ఉంటుంది. తడి మట్టిలో కూడా అంకె తగ్గి చూపుతుంది. 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం ఉన్న మీటరు మీథేన్‌ను అసలు పట్టుకోదు. కాబట్టి పిఐడి హద్దు వెతకడానికే, తీర్పు చెప్పడానికి కాదు. తీర్పు ల్యాబ్‌దే.

ట్యాంకు తీయాలంటే ముందు మిగిలిన ఇంధనం, అడుగు మడ్డి పూర్తిగా తోడాలి. తర్వాత డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పొడి వేయాలి, వెయ్యి లీటర్ల సామర్థ్యానికి సుమారు 1.8 కిలోలు. అది ఆవిరై ఆక్సిజన్‌ను బయటికి నెడుతుంది. లోపల పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా మీటరుతో చూసి, ఆక్సిజన్ మంట అంటుకోలేని స్థాయికి పడిపోయిందని తేలాకే కదిలించాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, పేలేది ఆవిరే. వెల్డింగు, కోత గ్యాసు దగ్గరికి రానివ్వకూడదు.

మట్టి విషయానికొస్తే, తేలిక ఇంధనాలకు బయోపైల్, అంటే మట్టిని పోగు పోసి సూక్ష్మజీవులతో ఇంధనాన్ని తినిపించడం, మంచి మార్గం. అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద చిల్లుల పైపులు, ఆపైన రెండు మీటర్ల ఎత్తు వరకు మట్టి పోగు, పైన కప్పు. పైపులతో గాలి లాగాలి. తేమ మట్టి పట్టగలిగే నీటిలో 40 నుంచి 85 శాతం మధ్య, పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండాలి. కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ నిష్పత్తి 100:10:1.

లెక్క ఇలా వేయండి. 100 ఘనపు మీటర్ల మట్టి, ఘనపు మీటరు 1.7 టన్నులైతే 170 టన్నులు. కిలో మట్టిలో 5,000 మిల్లీగ్రాముల ఇంధనం ఉంటే మొత్తం 850 కిలోలు, అందులో కార్బన్ సుమారు 720 కిలోలు. అంటే నైట్రోజన్ 72, ఫాస్ఫరస్ 7.2 కిలోలు కావాలి. 36 కిలోల డీఏపీ ఫాస్ఫరస్ మొత్తాన్నీ, నైట్రోజన్‌లో 6.5 కిలోలనూ ఇస్తుంది. మిగతా నైట్రోజన్‌కు సుమారు 142 కిలోల యూరియా. ఇదంతా ఒకేసారి పోస్తే ఉప్పు, అమోనియా పెరిగి సూక్ష్మజీవులే చస్తాయి. నాలుగు విడతలుగా, నీళ్లలో కరిగించి పెట్టాలి.

పోగులోని గాలిలో ఆక్సిజన్ తగ్గుతూ, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే పని సాగుతున్నట్టే. ఆగిపోతే మొదట తేమ చూడండి, తర్వాతే ఎరువు. జిగట బంకమట్టి గాలి పోనివ్వదు; చెక్క ముక్కలు కలిపి గుల్ల చేయాలి. ఇంజిన్ ఆయిల్, తారు లాంటి బరువు సరుకుకు ఈ పద్ధతితో ఫలితం అంతంతమాత్రమే, అవి ఎత్తిపోయడమే మేలు.

ఏ వాసనా లేదు, కానీ అక్కడ డ్రైక్లీనింగో, లోహాలకు గ్రీజు వదిలించే పనో జరిగింది

నాకైతే అన్నిటికంటే భయం వేసేది ఇదే. ఇక్కడి ద్రావకాలు నీటికంటే బరువు: ట్రైక్లోరోఎథిలీన్ సాంద్రత 1.46, పెర్‌క్లోరోఎథిలీన్‌ది 1.62. పెట్రోలులా తేలవు, మునుగుతాయి. ఇసుక పొర దాటి కింది బంకమట్టి మీద చేరి, దాని వాలు వెంట జారుతాయి, నీరు పారే దిశకు ఎదురుగా కూడా. అందుకే చిల్లుల పైపు ఆ బంకమట్టికి సరిగ్గా పైన ఉండాలి. బోరును బంకమట్టి పొరలోకి గుచ్చి అవతలికి పంపితే, కాలుష్యానికి కింది నీటిలోకి దారి తెరిచినవాళ్లవుతారు.

భవనం ఉంటే నేలలోంచి గదిలోకి వచ్చే ద్రావకాల ఆవిరి సంగతి ముందు తేల్చాలి. నేల పలకకు (కాంక్రీటు గచ్చు) చిన్న రంధ్రం వేసి పలక కింది గాలిని పరీక్షకు పంపండి. గది గాలి తీసేటప్పుడు మాత్రం పెయింట్లు, జిగుర్లు, శుభ్రపరిచే మందులు రెండు మూడు రోజుల ముందే బయట పెట్టేయాలి. లేకపోతే అల్మరాలోని డబ్బా తప్పును నేల మీద వేస్తారు. ఆవిరి వస్తోందని తేలితే పగుళ్లు, పైపు సందులు మూసి, పలకకు 100 మిల్లీమీటర్ల పీవీసీ పైపు దించి, ఫ్యానుతో లాగి, కప్పు పైన కిటికీలకు దూరంగా వదలాలి. పైపుకు దూరపు మూలలో కూడా పలక కింద ఒత్తిడి గదికంటే తక్కువగా ఉందో లేదో సున్నితమైన మానోమీటరుతో (ఒత్తిడి కొలిచే పరికరం) చూడాలి. దగ్గర చూసి సరిపోయిందనుకోవద్దు.

మూలాన్ని చంపడానికి పర్మాంగనేట్ (ద్రావకాన్ని విరగ్గొట్టే ఆక్సిడెంట్ రసాయనం) నేలలోకి ఎక్కించవచ్చు. ఇది ఈ ద్రావకాల మీద పనిచేస్తుంది, బెంజీన్ మీద పనిచేయదు. మట్టిలోని ఆకుమడ్డి కూడా దాన్ని తినేస్తుంది. అందుకే ముందు ల్యాబ్‌లో మట్టి ఎంత ఆక్సిడెంట్ తాగుతుందో కొలిపించాలి. బ్యాక్టీరియాతో విరగ్గొట్టే పద్ధతిలో ఒక గండం ఉంది. పని మధ్యలో ఆగితే వినైల్ క్లోరైడ్ పేరుకుంటుంది, అది అసలుకంటే విషం. చివరికి హాని లేని ఈథీన్ వచ్చేదాకా కొలుస్తూనే ఉండాలి.

వాన వెలిశాక నేల మీద, గోడ అడుగున పసుపు పచ్చ పొర

ప్లేటింగు, తోళ్ల పని జరిగిన చోట ఇది ఆరో స్థితి క్రోమియం (హెక్సావలెంట్, క్రోమియంలో విషపు రూపం) కావొచ్చు. నీరు ఆవిరవుతూ దాన్ని పైకి లాగి ఉప్పులా పూయిస్తుంది. చేత్తో ముట్టొద్దు, ఊడ్చొద్దు. ల్యాబ్‌లో మొత్తం క్రోమియం ఒకటి, ఆరో స్థితి క్రోమియం ఒకటి విడిగా అడగాలి. మూడో స్థితిది హాని బాగా తక్కువ.

ఫెర్రస్ సల్ఫేట్, అంటే అన్నభేది, ఆరోదాన్ని మూడోదిగా మారుస్తుంది. కాగితం మీద ఒక కిలో క్రోమియంకు 16 కిలోల అన్నభేది చాలు. గాలి కూడా ఇనుమును తినేస్తుంది కాబట్టి అసలు స్థలంలో చాలా ఎక్కువే పడుతుంది, బకెట్ మోతాదులో ప్రయోగం చేసి తేల్చుకోండి. కానీ మట్టి పీహెచ్ 11, 12 దగ్గర ఉంటే, అంటే క్రోమైట్ ఖనిజం శుద్ధి చేశాక మిగిలిన మడ్డి అయితే, సల్ఫేట్ వేయకూడదు. స్ఫటికాలు పెరిగి నేల ఉబ్బి, పైన కట్టినది పగులుతుంది.

సీసం, ఆర్సెనిక్ అక్కడక్కడా ఎక్కువ

చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో (ఎక్స్‌రేలతో లోహాలను కొలిచేది) గడులు గీసి చదివితే త్వరగా హద్దు దొరుకుతుంది. మట్టి తేమ 20 శాతం దాటితే ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి చదవాలి. సీసం బాగా ఉన్నచోట ఆర్సెనిక్ అంకెను నమ్మొద్దు. రెండింటి ఎక్స్‌రే గీతలు దాదాపు ఒకేచోట పడతాయి.

సీసాన్ని ఫాస్ఫేటుతో బంధించడం తెలిసిన పద్ధతే. అయితే పాత తోటల్లో చల్లిన లెడ్ ఆర్సెనేట్ ఉన్న నేలలో ఫాస్ఫేటు వేస్తే సీసం ఆగుతుంది, ఆర్సెనిక్ విడిపోయి నీటిలోకి దిగుతుంది. అలాంటి చోట పై పొర తీసేయండి. లేదా కొట్టొచ్చే రంగు జియోటెక్స్‌టైల్ (నేలలో పరిచే గట్టి గుడ్డ) పరచి, దాని మీద 60 సెంటీమీటర్ల మంచి మట్టి వేయండి. ఆ రంగు రేపు తవ్వేవాడికి హెచ్చరిక. తెచ్చే మట్టిని కూడా పరీక్షించాలి, ఇంకొకరి కాలుష్యాన్ని కొని తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

మొక్కలు మచ్చలు మచ్చలుగా ఎండటం, నేల కుంగటం

పూడ్చిన చెత్త అయి ఉండొచ్చు. మీథేన్ వేర్ల దగ్గరి ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. గ్యాసు బోరులో ఒక్కరోజు కొలత చాలదు. వాతావరణ పీడనం పడిపోతున్న రోజునే గ్యాసు నేలలోంచి ఎక్కువగా బయటికొస్తుంది, ఆరోజు కొలవాలి. పైన కాంక్రీటు పోసి మూసేస్తే గ్యాసు పక్కవారి ఇంటి కిందికి నడుస్తుంది. కంకర పొర, గాలి గొట్టాలు, ఆపైన గ్యాసు పట్టని పొర, ఈ మూడూ కలిసే పనిచేస్తాయి.

ల్యాబ్ రిపోర్టు నమ్మేలా లేదు

"కనబడలేదు" అని ఉంటే పక్కన ల్యాబ్ కొలవగల కనీస అంకె చూడండి. అది అనుమతించిన హద్దు కంటే ఎక్కువైతే ఆ మాటకు అర్థం లేదు, మళ్లీ చేయించాలి. ఆకుమడ్డి మట్టిలో నూనె లేకపోయినా పెట్రోలియం అంకె లేస్తుంది. సిలికా జెల్‌తో శుద్ధి చేసి కొలవమనండి. బోరు నీటిలో లోహాలు ఎక్కువ వస్తే ఆ నీరు బురదగా ఉందేమో అడగండి. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల చొప్పున నెమ్మదిగా తోడి, పీహెచ్ 0.1 లోపు నిలకడగా ఉన్నాక, 0.45 మైక్రాన్ల వడపోతతో తీసిన నీటిని కూడా పంపి పోల్చాలి. పెట్రోలు లాంటి ఆవిరయ్యే సరుకుకు నాలుగు చోట్ల మట్టి కలిపి ఒక నమూనా చేయడం కుదరదు. కలుపుతుంటేనే ఆవిరి పోతుంది. తీసిన వెంటనే మెథనాల్ ఉన్న సీసాలో వేసి 4 డిగ్రీల దగ్గర ఉంచాలి.

శుద్ధి చేశాం, శుభ్రంగా వచ్చింది, మళ్లీ పెరిగింది

బంకమట్టి ఏళ్ల తరబడి పీల్చుకున్నదాన్ని ఇప్పుడు మెల్లగా వదులుతోంది. లేదా నీటిమట్టం లేచి, పైన మిగిలిన మట్టిని తడిపింది. పర్మాంగనేట్ వాడిన బోరులో నీరు ఇంకా ఊదాగా ఉండగానే నమూనా తీసి ఉంటే ఆ మొదటి రిపోర్టుకు విలువే లేదు. రంగు పూర్తిగా పోయాక, మూడు నెలలకోసారి చొప్పున నాలుగు సార్లు తీయండి, అందులో నీటిమట్టం ఎక్కువున్న కాలం, తక్కువున్న కాలం రెండూ పడాలి. తవ్విన గుంతలకైతే అడుగు నుంచీ, నాలుగు పక్కల గోడల నుంచీ నమూనాలు తీసి, ఫలితం వచ్చాకే పూడ్చాలి.

ఈ అంకెలన్నీ, బోర్ల లోతులు, బయటికి ఎత్తిపోసిన మట్టి రసీదులు, హద్దులు గీసిన పటం ఒకే ఫైలులో పెట్టి కొనేవారికి ఇవ్వండి. కప్పి వదిలేసిన చోట్లను దాచకుండా పటంలో గీయాలి. అక్కడ రేపు పునాది తవ్వేది వాళ్లే. పరిశీలన బోర్లను మాత్రం తొందరపడి మూయకండి. కొనేవారి ఇంజనీరు తన నమూనాలు తాను తీసుకున్నాక, అడుగు నుంచి పైదాకా బెంటోనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి), సిమెంటు ముద్దతో నింపి మూయాలి. మట్టి పోసి మూసిన బోరు కాలుష్యం కిందికి దిగే దారిగానే మిగులుతుంది.