మందులు వేస్కుంటున్నా షుగర్ పెరుగుతూనే ఉందా? ఎక్కడ తేడా కొడుతోందో ఇలా పట్టుకోండి

రిపోర్ట్‌లో 240 కనపడగానే మనవాళ్లు చేసే పని ఏంటంటే మెడికల్ షాపుకెళ్లి ఇంకాస్త పవర్ ఎక్కువున్న మాత్ర అడగటం, లేకపోతే పక్కింటాయన వాడే మాత్ర పేరు చీటీ మీద రాయించుకుని తెచ్చుకోవడం. రెండూ వద్దు. 240 అన్న ఒక్క నంబర్ చూసి ఏ డాక్టరూ సరిగ్గా మందు మార్చలేడు, ఎందుకంటే అది ఏ పూట వచ్చింది, దాని ముందు ఏం తిన్నారు, మాత్ర ఎప్పుడేశారు అన్నది తెలియాలి కదా. ఇది టైప్ 2 షుగర్ ఉండి ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నా, గర్భిణులకీ పిల్లలకీ లెక్కలు వేరే, వాళ్లు దీన్ని పట్టించుకోవద్దు.

1. ముందు ఏ పూట పెరుగుతోందో చూడండి

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒక నాలుగైదు రోజులు కూర్చుని ఓపిగ్గా చూడాలి. పొద్దున్నే పరగడుపున ఒకసారి, తర్వాత ఒకరోజు టిఫిన్ అయ్యాక, ఇంకోరోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక, మరోరోజు రాత్రి తిన్నాక. తిన్నాక చూడాల్సింది రెండు గంటలకి, ఆ రెండు గంటలు చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. తినే ముందు కూడా ఒకసారి చూస్తే ఆ తిండి వల్ల ఎంత పెరిగిందో తెలిసిపోద్ది. ముందు 190 ఉండి తర్వాత 220 వస్తే తిండి తప్పేం లేదు, అసలు మొదలే ఎక్కువుంది. ముందు 120 ఉండి తర్వాత 260 అయితే మాత్రం ప్లేట్ వైపు చూడాలి.

చాలామంది పెద్దవాళ్లకి డాక్టర్లు పెట్టే టార్గెట్ పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్షలో 7 లోపు. బాగా వయసైపోయిన వాళ్లకీ, గుండె జబ్బో కిడ్నీ సమస్యో ఉన్నవాళ్లకీ కొంచెం సడలిస్తారు, మీ టార్గెట్ ఎంతో మీ డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. హెచ్‌బీఏ1సీ 7 అంటే మూడు నెలల సగటు సుమారు 154, 8 అంటే 183, 9 అంటే 212 చుట్టూ. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ఈ టెస్ట్ తప్పు చూపించొచ్చు, ఇంట్లో రీడింగులకీ దానికీ బొత్తిగా పొంతన లేకపోతే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

ఇంకోటి, మామిడిపండు కోసిన చేత్తో అలాగే వేలు గుచ్చితే మీటర్ 300 చూపిస్తది. సబ్బుతో కడిగి తడి లేకుండా తుడుచుకుని వేలి పక్కన గుచ్చండి, మధ్యలో గుచ్చితే నొప్పెక్కువ. స్ట్రిప్ డబ్బా మూత తీసి వదిలేయొద్దు, డేట్ అయిపోయిన స్ట్రిప్స్ ఎవరైనా ఉత్తినే ఇచ్చినా తీసుకోవద్దు.

2. ఎందుకు పెరిగిందో వెతకండి

ఎప్పుడూ కంట్రోల్లో ఉండేది ఉన్నట్టుండి పెరిగితే ఏదో ఒక కారణం ఉంటది. పంటి చిగురు వాచిందా, యూరిన్‌లో మంటగా ఉందా, కాలికి పుండేమైనా ఉందా చూడండి, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ ఎగబాకుతుంది. మోకాలి నొప్పికి ఇంజెక్షన్ చేయించుకున్నారా, ఆయాసానికో దద్దుర్లకో మాత్రలు వాడారా, వాటిలో స్టెరాయిడ్ ఉంటే కొన్ని రోజులపాటు షుగర్ బాగా పెరుగుద్ది. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా టక్కున ఆపేయకూడదు కూడా, రాసిన డాక్టర్‌కీ షుగర్ డాక్టర్‌కీ ఇద్దరికీ చెప్పాలి. నిద్ర లేకపోయినా, ఇంట్లో పెళ్లి హడావుడో దిగులో ఉన్నా పెరుగుద్ది.

ఇవేవీ లేకుండా ఏళ్ల తరబడి మెల్లమెల్లగా పెరుగుతుంటే అది జబ్బు నడక. ఇన్సులిన్ తయారుచేసే కణాలు కాలం గడిచేకొద్దీ నీరసపడతాయి, అందుకే పదేళ్ల కింద ఒక్క మాత్రతో సరిపోయినవాళ్లకి ఇప్పుడు మూడు కావాల్సొస్తది. దీనికి సిగ్గుపడేదేం లేదు, ఇన్సులిన్ మొదలెట్టారంటే ఇక అయిపోయింది అనుకునేదీ లేదు. కానీ తిండి తగ్గించకుండానే బరువు తగ్గిపోతూ షుగర్ పెరుగుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

3. మందులు సరైన టైంకి వెళ్తున్నాయా

నా లెక్కలో సగం గొడవ ఇక్కడే ఉంటది. డోసు పెంచమని అడిగేముందు ఉన్న డోసు సరిగ్గా వేస్కుంటున్నామా అన్నది చూసుకోవాలి. స్ట్రిప్ వెనక్కి తిప్పి అందులో ఏ మందు ఉందో చదవండి, బ్రాండ్ పేర్లు వందలున్నాయి గానీ లోపలి మందులు కొన్నే.

మెట్‌ఫార్మిన్ రాత్రుళ్లు లివర్ వదిలే షుగర్‌ని తగ్గిస్తది. అన్నంతోనో తిన్న వెంటనేనో వేస్కోవాలి, ఖాళీ కడుపున వేస్తే వికారం, విరేచనాలు. ఆ బాధ పడలేక చాలామంది ఎవరికీ చెప్పకుండా మానేస్తారు, మెల్లగా కరిగే రకం ఉంటది, దానికి ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో రాసుంటది, అది రాయమని అడగండి. ఆ రకం మాత్రని నలిపి వెయ్యకూడదు. ఏళ్లుగా వాడేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గొచ్చు, కాళ్లు తిమ్మిర్లంటే ప్రతిసారీ షుగర్ నరాలే అనుకోకుండా బీ12 కూడా ఒకసారి చూపించుకోండి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ తీయిస్తాయి. ఇవి టిఫిన్‌కి కాస్త ముందు. మాత్ర వేస్కుని పూజలో కూర్చుని టిఫిన్ పదకొండింటికి తింటే వణుకు, చెమటలు, కళ్లు తిరగడం ఖాయం. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు, రంజాన్ రోజా ఉండేవాళ్లు, అయ్యప్ప మాల వేస్కుని ఒంటిపూట భోజనం చేసేవాళ్లు ముందే డాక్టర్‌ని కలిసి ఈ మాత్ర ఎలా మార్చుకోవాలో అడిగి తెలుసుకోండి, ఉపవాసం రోజు పొద్దున ఫోన్ చేసి అడిగే విషయం కాదిది.

వోగ్లిబోస్ ఉంటే అన్నం మొదలెట్టే ముందే వెయ్యాలి, తిన్నాక గుర్తొచ్చి వేస్తే పెద్దగా ఉపయోగం లేదు. సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివాటికి తిండితో పేచీ లేదు, రోజూ ఒకే టైంకి వేస్కుంటే చాలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ని యూరిన్‌లోకి పంపించేస్తాయి కాబట్టి ఇవి వాడేవాళ్లకి యూరిన్ టెస్ట్‌లో షుగర్ ఎప్పుడూ కనపడుద్ది, భయపడొద్దు. నీళ్లు బాగా తాగాలి, కింద శుభ్రంగా ఉంచుకోవాలి, దురద వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి. ఇవి గుండెకీ కిడ్నీకీ కూడా మేలు చేస్తాయి, పేటెంట్లు అయిపోయాక రేట్లు కూడా బాగా దిగాయి. జన ఔషధి షాపుల్లో ఇంకా తక్కువకి దొరుకుతాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఫ్రీగానే ఇస్తారు, డబ్బుల్లేక మధ్యలో ఆపేసేకంటే అక్కడ అడగడం మేలు.

ఇన్సులిన్ వాడేవాళ్లు సిరంజి మూత రంగు చూడాల్సిందే. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40 యూనిట్ల రకం, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల రకానికి ఆరెంజ్ మూత. 40 రకం సీసాలోంచి ఆరెంజ్ సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ ఎందుకు దిగదో అర్థం కాక బుర్ర బద్దలుకొట్టుకుంటారు. 100 రకం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో తీస్తే ఇంకా ప్రమాదం, 20 అనుకున్నది 50 అయిపోద్ది. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ చర్మం కింద గడ్డలా అవుతుంది, ఆ గడ్డలో పొడిస్తే మందు సరిగ్గా ఎక్కదు, చోటు మారుస్తూ ఉండాలి. సీసా ఫ్రిజ్ డోర్‌లో పెట్టుకోవచ్చు, ఫ్రీజర్‌లో వద్దు, ఒకసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే.

కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, మెంతులు... తాగండి, కాదనను, మెంతులు కొంచెం సాయం చేస్తాయి కూడా. వాటిని నమ్మి మాత్రలు ఆపేస్తే మాత్రం మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ నిజం చెప్పేస్తది.

4. ప్లేట్ సర్దుకోండి

అన్నం మానేయమని చెప్తే మనవాళ్లు వారం మానేసి ఎనిమిదో రోజు రెండింతలు తింటారు, అందుకే నేను మానేయమనను. ఒక కప్పు అన్నానికి దిగండి, మిగతా జాగా కూరకీ పప్పుకీ గుడ్డుకీ చేపకీ ఇవ్వండి. కూరంటే బంగాళదుంప వేపుడు కాదు, బీరకాయ, దొండకాయ, సొర, తోటకూర లాంటివి. ముందు ఈ కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నంలోకి వెళ్తే తిన్నాక వచ్చే ఎగుడు తగ్గుద్ది, పైసా ఖర్చు లేని పని ఇది.

తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల రకం, దాని గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్‌ని ఎంత గబుక్కున పెంచుద్దో చెప్పే అంకె, 51 చుట్టూ అంటారు, మామూలు బియ్యం కంటే తక్కువే. కానీ షుగర్ బియ్యం కదా అని మూడు ప్లేట్లు లాగిస్తే లెక్క మళ్లీ మొదటికే. రాగి కూడా అంతే. వంద గ్రాముల రాగిపిండిలో 65-70 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటది, పల్చగా జావ కాచి గ్లాసుల కొద్దీ తాగితే గబుక్కున పెరుగుద్ది. సంకటి చిన్న ముద్ద, పక్కన ఆకుకూర పప్పు అయితే నయం. ఇడ్లీ ఉప్మాల బదులు వారంలో కొన్ని రోజులు పెసరట్టు పెట్టుకోండి, ఉప్మా పెసరట్టు అంటే మళ్లీ మొదటికొస్తాం. టీలో పంచదార తీసేసి బెల్లం వేస్తే ఏం ఒరగదు, తేనె కూడా అంతే. పండ్లు తినొచ్చు, ఒక జామకాయ, అర ఆపిల్, జ్యూస్ మాత్రం వద్దు. బంగినపల్లి సీజన్లో రెండు ముక్కలు తినండి, భోజనం తర్వాత కాదు, విడిగా.

పరగడుపు షుగర్ ఒక్కటే పెరుగుతుంటే రాత్రి భోజనం ఎన్నింటికో చూడండి. పదింటికి తిని పదిన్నరకి పడుకుంటే పొద్దున ఎక్కువే ఉంటది. అది సరిచేసినా తగ్గకపోతే తెల్లవారుజామున మూడింటికి ఒకట్రెండు రోజులు చూసి ఆ రీడింగ్ కూడా రాసుకోండి, రాత్రి మందు మార్చాలా వద్దా అన్నదానికి డాక్టర్‌కి అది బాగా పనికొస్తది.

5. తిన్నాక కూర్చోకండి

పొద్దున గంట నడిచి మిగతా రోజంతా కుర్చీలో ఉండేకంటే తిన్న ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు తిరగడం తిన్నాక వచ్చే షుగర్‌కి బాగా పనిచేస్తది. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండరాలకి పని, గోడకి ఆనుకుని చేసే పుషప్సో కుర్చీలోంచి లేచి కూర్చోవడమో. పొట్ట ఉన్నవాళ్లకి బరువే అసలు మందు. బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక స్టడీ చేశారు, 2017లో ఫలితాలొచ్చాయి, జబ్బొచ్చి ఆరేళ్లలోపు ఉండి ఇన్సులిన్ వాడనివాళ్లలో బాగా బరువు తగ్గే కోర్సు పెడితే ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ డయాబెటిస్ గీత కిందకి వచ్చింది. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది, ఇంట్లో ఒక్కరే కడుపు మాడ్చుకుని చేసేది కాదు. కాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లు గుడిలో తప్ప చెప్పుల్లేకుండా నడవొద్దు, అక్కడ కూడా ఎండలో కాలిన బండల మీద జాగ్రత్త.

6. తగ్గిపోతే, ఒంట్లో బాగోకపోతే

70 కంటే దిగితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగండి. వోగ్లిబోస్ వాడేవాళ్లకి పంచదార నీళ్లు లేటుగా పనిచేస్తాయి, గ్లూకోజే కావాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏం పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి పోని రోజు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కొద్దిరోజులు ఆపాల్సి రావొచ్చు, డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. 300 దాటి దిగకుండా ఉండి దానికి తోడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగతగా ఉండటం కనపడితే రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాపాగ్లిఫ్లోజిన్ రకం వాడేవాళ్లలో షుగర్ 200 ఉన్నా ఇలా జరగొచ్చు, కాబట్టి అక్కడ ఆ మాత్ర పేరు ముందే చెప్పండి.

7. డాక్టర్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి

రీడింగులు రాసిన కాగితం, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి, బీపీవీ, నొప్పులవీ, ఆయుర్వేదం పొడులతో సహా. ఎన్ని మాత్రలు మిస్సయ్యాయో అబద్ధం చెప్పొద్దు, చెప్తే ఆయన నమ్మి డోసు పెంచేస్తాడు, మీరు ఆ రోజు నుంచి బుద్ధిగా వేస్కుంటే లో అయి పడిపోతారు. మందు మార్చినా మార్చకపోయినా మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ, ఏడాదికోసారి కంటి వెనక రెటీనా, కిడ్నీల కోసం యూరిన్‌లో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, ఇంకా కొలెస్ట్రాల్ టెస్టులు రాయించుకోండి. ఆఖర్న సాక్సులు విప్పి పాదాలు చూడమని మీరే అడగండి, రద్దీలో ఆయన మర్చిపోవచ్చు.