పేషెంట్ దగ్గర ఉండేవాళ్ళు రోజూ గొట్టాలు లెక్కపెట్టండి

"ఆపరేషన్ మంచిగైంది సిస్టరమ్మా, ఏం ఫికర్ లేదన్నరు సారు" అని ఫోన్ వస్తుంది. పరకాల నుంచో, ములుగు నుంచో, నర్సంపేట పక్క ఊళ్ళ నుంచో పేషెంట్‌ను వరంగల్ తీసుకొచ్చినవాళ్ళు చేస్తారు. 29 ఏళ్ళు ఇక్కడ స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరై హనుమకొండలో ఉంటున్నాను కాబట్టి, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు కూడా నా నంబరు పట్టుకుంటారు. సంతోషం బిడ్డా అంటాను. ఆ వెంటనే ఒక మాట అడుగుతాను: "ఒంటికి ఎన్ని గొట్టాలున్నయి?"

చాలామందికి తెలియదు. "లెక్కపెట్టి చెప్పు, నేను లైన్‌లనే ఉంట" అంటాను. సెలైన్ సూది ఒకటి, మూత్రం పైపు ఒకటి, ముక్కులోంచి పొట్టలోకి పోయే రైల్స్ ట్యూబ్ ఒకటి, లోపలి నెత్తురు, నీరు బయటికి రావడానికి పొట్ట పక్కన డ్రెయిన్ ఒకటి... అట్లా చెప్పుకుంటూ వస్తారు. పేషెంట్ దగ్గర ఉండేవాళ్ళు చేయగలిగిన పనుల్లో ఈ లెక్కకు మించింది లేదని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

చేరినప్పుడు లేని ఇన్ఫెక్షన్ 48 గంటలు దాటాక మొదలైతే, అది ఆసుపత్రిలో అంటుకున్నదని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం మనలాంటి దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి ఇలాంటిది ఒక్కటైనా వస్తుంది. ధనిక దేశాల్లో ఏడుగురికి. వచ్చినవాళ్ళలో సగటున పదిమందికి ఒకరు దానివల్లే చనిపోతారు. అది ముదిరి సెప్సిస్ అయితే, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలే దెబ్బతినే దాకా వస్తే, నలుగురిలో దాదాపు ఒకరు పోతారు. సెప్సిస్‌తో ఐసీయూలో పడినవాళ్ళలో సగం మందికి పైగా దక్కరు. మందులకు లొంగని క్రిమి అయితే చావు ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. చేతుల శుభ్రతలాంటి మామూలు జాగ్రత్తలు సరిగ్గా పాటిస్తే వీటిలో 70 శాతం ఆపవచ్చని కూడా ఆ సంస్థే చెప్పింది. నాకు నిద్ర పట్టనివ్వని అంకె ఆ చివరిదే.

ఇక గొట్టాల సంగతి. మన ఒంటికి సొంత కాపలా ఉంది. చర్మం క్రిముల్ని లోపలికి రానివ్వదు. దగ్గితే ఊపిరితిత్తుల్లోది బయటికొస్తుంది. మూత్రం పోసిన ప్రతిసారీ ఆ దారి కడిగినట్టవుతుంది. గొట్టం పెట్టామంటే ఆ కాపలాను దాటించి లోపలికి దారి వేసినట్టే. పైగా ఆసుపత్రిలో తిరిగే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటి క్రిములు యాంటీబయాటిక్‌ల మధ్యే బతికి రాటుదేలినవి. అసినెటోబాక్టర్ అయితే పొడిగా ఉన్న మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతకగలదు.

గొట్టాలు పెట్టడం తప్పని నేను అనడం లేదు. ప్రాణం నిలబెట్టేవి అవే. అవసరం తీరిన తర్వాత కూడా అడిగేవాళ్ళు లేక ఉండిపోయిన గొట్టంతోనే ప్రమాదం.

పది రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనండి. ఎంజీఎం ఆసుపత్రి ఎదురుగా ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఒక్కో గొట్టానికి ఒక పేజీ. ఏ రోజు, ఎన్ని గంటలకు పెట్టారు, ఎందుకు పెట్టారు అని రాయండి. పొద్దున రౌండ్స్‌కు డాక్టర్ వచ్చినప్పుడు ఒక్కొక్కదాని గురించీ అడగండి: "సార్, ఈ పైపు ఇవాళ ఇంకా అవసరమా? ఎప్పుడు తీస్తరు?" అంతే. తగాదా పెట్టుకున్నట్టు అడగొద్దు. ఒక్క వార్డులో నలభై మందిని చూసే మనిషికి గుర్తుచేసినట్టు అడగండి. "ఇంకో రెండు రోజులు ఉండాలి" అంటే కారణం కూడా రాసుకోండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ లాగొద్దు. మూత్రం పైపు కొసన లోపల నీళ్ళు నింపిన చిన్న బెలూన్ ఉంటుంది, లాగితే లోపల చీరుకుపోయి నెత్తురు పడుతుంది.

మూత్రం పైపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా బాపు పోయింది దానితోనే.

2009లో బాపు బాత్రూం దగ్గర జారి పడితే తుంటి విరిగింది. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. చాలా బాగా చేశారు. నేను నర్సును కదా, సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. రోజూ కట్టు చూసేదాన్ని. తడి ఉందా, వాసన ఉందా, ఎర్రబడిందా అని. కుట్లు అద్దంలా ఉన్నాయి. మంచం కింద వేలాడే బ్యాగులో మూత్రం ఎంత వచ్చిందో చూసి పారబోసేదాన్ని. ఆ పైపు ఇంకా ఎందుకుంది అని ఒక్కరోజూ అడగలేదు. బాపును మంచం మీదినుంచి కదిలించే శ్రమ తప్పింది కదా అనుకున్నాను. తొమ్మిదో రోజు రాత్రి వణుకు మొదలైంది. రెండు రగ్గులు కప్పినా మంచం కదిలేంత వణుకు. తెల్లారేసరికి బ్యాగులో మూత్రం మజ్జిగలా చిక్కగా ఉంది. బాపు నన్ను చూసి మా మేనత్త పేరు పెట్టి పిలిచాడు. పదమూడో రోజు పోయాడు. తుంటి మాత్రం అతుక్కుంటూనే ఉంది.

పైపు ఉన్న ప్రతి రోజూ 100 మందిలో 3 నుంచి 7 మందికి కొత్తగా మూత్రంలో బ్యాక్టీరియా చేరుతుంది. నెల రోజులుంటే దాదాపు అందరికీ చేరుతుంది. అందరికీ జబ్బు చేయకపోవచ్చు. ముసలివాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు అది రక్తంలోకి పాకితే మా బాపుకు అయినట్టే అవుతుంది.

పైపు ఉన్నన్నాళ్ళు బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం ఆనకూడదు. ఎక్కువమంది ఎక్కడ తప్పు చేస్తారో వందలసార్లు చూశాను. స్కానింగ్‌కు తీసుకుపోవడానికి స్ట్రెచర్ వస్తుంది. వార్డ్‌బాయ్ ఒకవైపు, కొడుకు ఒకవైపు పట్టి పేషెంట్‌ను దానిమీదికి మారుస్తారు. బ్యాగు అడ్డమొస్తుందని తీసి పేషెంట్ పొట్ట మీద పెడతారు. గొట్టంలో పసుపు గీత వెనక్కి నడవడం మీ కళ్ళతో మీరే చూడవచ్చు. బ్యాగులో పాతబడిన మూత్రం మళ్ళీ లోపలికి పోతోందన్నమాట. మార్చేముందు బ్యాగు ఖాళీ చేయించండి, స్ట్రెచర్ పక్క కమ్మీకి కిందుగా తగిలించండి. పారబోసేటప్పుడు కింది నాజిల్ మగ్గుకు తగలనీయొద్దు. పక్క పేషెంట్‌కు వాడిన మగ్గు మీ పేషెంట్‌కు వాడొద్దు. పైపుకూ బ్యాగుకూ మధ్య జాయింటు ఊడదీయొద్దు.

సెలైన్ సూది పెట్టిన చోట ప్లాస్టర్ మీద తేదీ రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే సిస్టర్‌ను అడిగి రాయించండి. ఆ చోటు ఎర్రబడినా, ఉబ్బినా, ముట్టుకుంటే మంట అన్నా, నరం తాడులా గట్టిపడినా వెంటనే చెప్పండి. ఇంజెక్షన్లన్నీ అయిపోయి బిళ్ళలకు మారిన తర్వాత కూడా "ఉండనీ, మళ్ళీ అవసరమైతే" అని సూది వదిలేస్తుంటారు. దాని గురించీ అడగండి.

మెడ దగ్గరో, భుజం కిందో పెద్ద నరంలోకి పెట్టేదాన్ని సెంట్రల్ లైన్ అంటారు. అది గుండె దగ్గరి దాకా పోతుంది, అక్కడ క్రిమి చేరితే నేరుగా రక్తంలోకే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఈ లైన్ విషయంలో ఐదు పనులు తప్పనిసరి చేశారు: చేతులు కడుక్కోవడం, పేషెంట్‌ను నిలువెల్లా క్రిముల్లేని స్టెరైల్ గుడ్డతో కప్పి గౌను, మాస్క్ వేసుకోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో తుడవడం, వీలైనంత వరకు తొడ దగ్గర పెట్టకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాదిన్నరలో ఆ ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. కొత్త మెషిన్ లేదు, కొత్త మందు లేదు. చివరి పని గుర్తుచేయడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళను చూడ్డానికి పది నిమిషాలే వదులుతారు. ఆ పది నిమిషాల్లో ఏడుపు ఆపుకొని రెండు చూడండి. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా? పెదాలు, నోరు శుభ్రంగా ఉన్నాయా? పడుకోబెట్టేస్తే నోట్లోదీ పొట్టలోదీ ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. "మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకుంటున్నడా అని ఇవాళ చూసిండ్రా సార్?" అని అడగండి.

చేతుల సంగతి అందరికీ తెలిసిందే, చేసేవాళ్ళు తక్కువ. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్ళూ అయితే 40 నుంచి 60 సెకన్లు, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కొసలు వదలకుండా. వార్డులో విరేచనాలు ఉంటే శానిటైజర్‌ను నమ్ముకోవద్దు, సబ్బుతోనే కడగండి. కొన్ని క్రిముల గుడ్లలాంటివి స్పిరిట్‌కు చావవు. పక్క మంచం వాళ్ళకు సాయం చేసి వస్తే మీవాళ్ళను ముట్టుకునే ముందు మళ్ళీ కడుక్కోండి. మన దగ్గర పేషెంట్లతో ఉండేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుంటారు, అది మంచి గుణమే. క్రిమి మాత్రం ఆ చేతుల మీదుగానే మంచం మారుతుంది.

డాక్టర్‌నో సిస్టర్‌నో చేతులు శుభ్రం చేసుకొమ్మని అడగాలంటే టెన్షన్ పడతారు. శానిటైజర్ సీసా మంచం దగ్గర కనబడేలా పెట్టి, "సిస్టర్, అమ్మకు షుగర్ ఉంది, నాకు భయమైతుంది, ఒక్కసారి రాసుకుంటరా" అనండి. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ వైపు నిలబడ్డదాన్ని చెప్తున్నాను, అట్లా అడిగినవాళ్ళ మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. మర్చిపోయిన రోజులు నాకూ ఉన్నాయి.

చూడ్డానికి వచ్చే చుట్టాల్ని ఆపడం కష్టం. ఆటో మాట్లాడుకొని ఊరంతా వస్తుంది, మంచం మీదే కూర్చుంటారు. స్టూలు చూపించండి. జలుబు, దగ్గు, చర్మం మీద పుండ్లు ఉన్నవాళ్ళను బయటినుంచే పలకరించి పొమ్మనండి. భద్రకాళమ్మ కుంకుమ తెస్తే నుదుట పెట్టండి, మిగిలింది పొట్లంలో మీ దగ్గర దాచండి. కట్టు దగ్గరికి, కుట్ల మీదికి కుంకుమగానీ పసుపుగానీ పోనీయొద్దు. ఆపరేషన్‌కు ముందు ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీయొద్దు. కంటికి కనబడని గాట్లు పడి అక్కడే చీము పట్టేది. తీయాల్సి వస్తే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు.

రాత్రి రెండు గంటలకైనా డ్యూటీ డాక్టర్‌ను లేపాల్సిన గుర్తులు ఇవి: వణుకుతో జ్వరం, లేదా ఒళ్ళు మామూలు కంటే చల్లబడటం. ఆయాసం. నాడి చాలా వేగంగా కొట్టుకోవడం. మూత్రం బాగా తగ్గిపోవడం. అన్నిటికంటే ముఖ్యం మాట తేడా. సాయంత్రం దాకా మంచిగా మాట్లాడిన మనిషి మిమ్మల్ని గుర్తుపట్టకపోతే, పొంతన లేకుండా మాట్లాడితే, లేపినా మత్తుగా జారిపోతుంటే "ముసలితనం, నిద్ర చాలలేదు" అనుకొని తెల్లారనీయకండి. ముసలివాళ్ళకు జ్వరం రాకుండానే సెప్సిస్ రావచ్చు. "సార్, ఇన్ఫెక్షన్ రక్తంలకు పోయిందేమో చూడండి" అని ఆ మాటే అనండి. సెప్సిస్‌లో గంటలు కూడా లెక్కే.

ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు కల్చర్‌కు, అంటే ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్షకు, రక్తం, మూత్రం తీశారా అని అడగండి. రిపోర్టు రెండు మూడు రోజులకు వస్తుంది. వచ్చాక, "దీన్నిబట్టి మందు మారుస్తున్నరా" అని అడగండి. "పవర్ ఉన్న ఇంజెక్షన్ రాయండి సార్, ఖర్చుకు వెనకాడం" అని మీరు తొందరపెట్టొద్దు. అవసరం లేనిచోట వాడిన పెద్ద మందే రేపు మీ పేషెంట్‌కు పనిచేయకుండా పోతుంది.

డాక్టర్ ఇంటికి పొమ్మంటే "ఇంకో నాలుగు రోజులు ఉంచండి" అనొద్దు. ఉన్న ప్రతి రోజూ ముప్పు ఉన్న రోజే. ఇంటికెళ్ళాక 30 రోజుల దాకా, రాడ్డో ప్లేటో వేసి ఉంటే 90 రోజుల దాకా కుట్ల చోటు చూస్తూ ఉండండి. ఎరుపు, వేడి, చీము, కొత్త నొప్పి కనిపిస్తే ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్ళండి.

మొన్న పత్తి ఏరే రోజుల్లో పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, ఇంటర్ చదువుతోంది. వాళ్ళమ్మకు గర్భసంచి ఆపరేషన్. నోట్‌బుక్ పెట్టమన్నాను. డిశ్చార్జ్ అయ్యాక మా ఇంటికి వచ్చి ఆ పుస్తకం చూపించింది. రెండో పేజీ మీద "యూరిన్ పైపు" అని రాసి కింద గీత కొట్టింది. ఒకటో రోజు, పెట్టారు. రెండో రోజు, అడిగాను, రేపు చూద్దామన్నారు. మూడో రోజు, మళ్ళీ అడిగాను, పొద్దున 11.20కి తీశారు. దానికింద ఇంకో రంగు పెన్నుతో ఉంది: మధ్యాహ్నం 2.10, అమ్మ తానే నడిచి బాత్రూంకు పోయి వచ్చింది.