చిత్రకళ తరగతిలో సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు నేర్పడం ఎలా?

ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఈ పాఠాన్ని "నీ బాధను బొమ్మగా వెయ్యి" అంటూ మొదలుపెట్టకూడదు. తోటివారి ముందు మనసు విప్పమంటే ఆ వయసువారిలో చాలామంది ముడుచుకుపోతారు, లేదా ఉపాధ్యాయుడు మెచ్చే బాధనొకదాన్ని కల్పించి వేస్తారు. తనను తాను తెలుసుకోవడం, తనను అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, కలిసి మెలగడం, బాధ్యతగా నిర్ణయించుకోవడం అనే ఐదు నైపుణ్యాలూ బొమ్మ వేసే పనిలోనే ఇమిడి ఉన్నాయి కనుక, వాటికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ముందుగా చూడటం నేర్పండి. పికాసో 1937లో చిత్రించిన గెర్నికాను పేరూ నేపథ్యమూ చెప్పకుండా చూపి, రెండు నిమిషాలు మౌనంగా గమనించనివ్వండి. తరువాత ఇందులో ఏం జరుగుతోందని, అలా అనిపించడానికి కారణం బొమ్మలో ఎక్కడుందని, ఇంకేం కనిపిస్తోందని అడగండి. మధ్యలో ఉన్న గుర్రం కోపంగా ఉందని ఒకరు, నొప్పితో అరుస్తోందని మరొకరు అంటే, ఇద్దరూ దాని నోటినో, శరీరంలో దిగిన ఈటెనో వేలితో చూపించి మాట్లాడాలి. ఈ బొమ్మకు పేరిచ్చిన స్పెయిన్ పట్టణం గెర్నికాపై జరిగిన బాంబు దాడి గురించి చెప్పాల్సింది ఆ తరువాతే.

ఎక్కువ సమయం కేటాయించవలసింది మాత్రం పరస్పర విమర్శకు. బొమ్మలను గోడకు తగిలించి, వేసినవారు మొదట మౌనంగా వినాలనీ, "బాగుంది", "బాగోలేదు" అనే మాటలు ఎవరూ వాడకూడదనీ నియమం పెట్టండి. "చెయ్యి సరిగా రాలేదు" అన్న విద్యార్థి చేత "మోచేయి దగ్గర గీత తెగిపోవడంతో చెయ్యి అతికించినట్టు కనిపిస్తోంది" అనిపించగలిగితే, నొప్పించకుండా నిజం చెప్పడం అతనికి అలవడుతున్నట్టే. చివర్లో చిత్రకారుడు ఏ సూచనను తీసుకుంటాడో, దేన్ని, ఎందుకు వదిలేస్తాడో ఒక్క వాక్యంలో రాయాలి. మొదట్లో మాటలు తడబడతాయి. ఉపాధ్యాయుడు ముందు తన బొమ్మనే విమర్శకు పెడితే బెరుకు త్వరగా పోతుంది.

రంగు ఒలికిన కాగితాన్ని వెంటనే చింపేయనివ్వకండి. ఆ మరకను బొమ్మలో ఎలా కలుపుకోవచ్చో కాసేపు ఆలోచించాకే కొత్త కాగితం ఇవ్వండి.

నలుపు ఎక్కువగా వాడినంత మాత్రాన విద్యార్థి దుఃఖంలో ఉన్నాడని తేల్చేయకూడదు (మిగతా రంగులు అయిపోయి ఉండవచ్చు కూడా). అయితే తనను తాను గాయపరచుకునే ఆలోచన స్పష్టంగా కనిపిస్తే విడిగా మాట్లాడి, పాఠశాల కౌన్సెలర్‌కు తెలియజేయాలి. అలాంటి విషయాన్ని రహస్యంగా ఉంచలేరని తరగతికి ముందే చెప్పి ఉంచాలి. మార్కులు వేసేటప్పుడు వ్యక్తమైన భావాన్ని కాక, చిత్తుబొమ్మలను, మార్పులను, విమర్శలో పాల్గొన్న తీరును లెక్కలోకి తీసుకోండి.