జబ్బు చేసిన బాతును చేతిలోకి తీసుకునే ముందు

బాతు తన జబ్బును తొందరగా బయటపడనివ్వదు. నీరసంగా ఉన్న పక్షినే వేటాడే జంతువులు ముందు పట్టుకుంటాయి కాబట్టి ఓపిక ఉన్నంతసేపూ మామూలుగానే తిరుగుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ఉన్నట్టుండి పడిపోయింది" అని చాలామంది అనేది అందుకే. మిగతావి మేతకు పరుగెత్తుతుంటే మీ బాతు ఒక మూల ఈకలు ఉబ్బించుకుని, మెడ ముడుచుకుని కూర్చుందంటే సాయంత్రం దాకా చూద్దాం అనుకోవద్దు. పక్షులకు వైద్యం చేసే డాక్టర్ నంబరు బాతు బాగున్నప్పుడే రాసిపెట్టుకోండి. పశువుల డాక్టర్లందరూ పక్షులను చూడరు.

ముందు మీ సంగతి. పక్షులు వరసగా చనిపోతున్నా, తల వాచి ఉన్నా, మెడ మెలితిరుగుతున్నా ముట్టుకోకుండా పశువైద్య శాఖకు కబురు చేయండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు. బాతుల్లో ఒక్కోసారి ఏ లక్షణమూ లేకుండానే ఆ వైరస్ ఉంటుంది. అందుకే ఒక్క బాతుకే జబ్బు చేసినా చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు వేసుకునే దగ్గరికి వెళ్లండి. రెట్టలో మనుషులకు విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే బాక్టీరియా కూడా ఉండొచ్చు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, దాని గిన్నెలను వంటింటి సింకులో కడగొద్దు, ఐదేళ్లలోపు పిల్లలను అటు రానివ్వొద్దు.

ఎత్తేటప్పుడు కాళ్లో, రెక్కలో, మెడో పట్టుకుని లేపకూడదు. రెక్కలను ఒంటికి ఆనించి పట్టుకుని, కింద నుంచి కాళ్లకు చెయ్యి ఆసరా ఇవ్వండి. రొమ్మును మాత్రం గట్టిగా అదమొద్దు. మనకున్నట్టు పక్షులకు డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి ఆడించే కండరం) లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. ప్రేమగానే గుండెకు హత్తుకున్నా దానికి ఊపిరి అందదు.

ఇంటికి తెచ్చాక చాలామంది ముందు తిండి పెట్టాలని చూస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత. బాతు ఒంటి వేడి మామూలుగా 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. జబ్బుపడినప్పుడు ఆ వేడిని నిలుపుకోవడానికే ఉన్న శక్తంతా పోతుంది. చల్లబడిన ఒంటికి మేత అరగదు. అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, ఒక వైపు మాత్రమే 28 నుంచి 30 డిగ్రీల వేడి తగిలేలా చూడండి. ఎక్కువ అనిపిస్తే అదే రెండో వైపుకు జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి తగ్గించండి. పరుపుగా బూజు పట్టిన గడ్డి అసలు వద్దు. ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బు తగ్గడం చాలా కష్టం.

నీళ్ల దగ్గరే ఎక్కువ ప్రమాదం. బాతు నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక ఒకటి ఊపిరి తీసినప్పుడల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే గాలిగొట్టం మొదలు. సిరంజితో నోట్లోకి నీళ్లు చిమ్మితే తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జబ్బు నుంచి బయటపడాల్సిన పక్షి మన తొందర వల్ల పోతుంది. ముక్కు అంచున ఒక్కో చుక్క పెట్టి, అది మింగాకే ఇంకో చుక్క పెట్టండి. తల నిలపలేకపోతుంటే ఆ చుక్క కూడా వద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నీళ్లలో వదిలితే తేరుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. నీరసంగా ఉన్న బాతు ఈకలు సవరించుకోదు, తోక దగ్గరి నూనెను ఒంటికి రాసుకోదు. ఈకలు తడిసి బరువెక్కితే బాతు కూడా మునిగిపోతుంది. ముక్కురంధ్రాలు కడుక్కోవడానికి చిన్న గిన్నెలో నీళ్లు పెట్టి, మీరు పక్కనే ఉండండి.

మేతకు రొట్టె వద్దు. నానబెట్టి మెత్తగా చేసిన బాతుల దాణా, చిదిమిన బఠాణీలు చాలు. పిల్ల బాతు కాళ్లు వంకరపోయి కూలబడుతుంటే నియాసిన్ (బి3 విటమిన్) తక్కువైందేమో డాక్టర్‌ను అడగండి. బాతులకు అది కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి, కోళ్ల దాణాతోనే పెంచితే ఈ ఇబ్బంది వస్తుంది. అదే పెద్ద బాతుకు కాళ్లు పడిపోయి, తర్వాత రెక్కలు జారి, మెడ వాలిపోతుంటే బోట్యులిజం అనుమానించాలి. అది ఒక బాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు. నిలవనీటిలో కుళ్లిన కళేబరాల వల్ల, వాటికి పట్టిన పురుగులను తినడం వల్ల వస్తుంది. వెంటనే డాక్టర్‌కు చూపించండి, మిగతా బాతులను ఆ నీళ్ల నుంచి అప్పటికప్పుడే తప్పించండి. ఆడబాతు ముక్కుతూ, తోక ఆడిస్తూ గుడ్డు పెట్టలేకపోతుంటే అదీ ఆగే కేసు కాదు.

మనం వేసుకునే నొప్పి మాత్రలు, మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లు సొంతంగా ఇవ్వొద్దు. మందు వాడితే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డాక్టర్‌నే అడగండి. రోజూ పొద్దున్నే, మేతకు ముందు బరువు చూసి రాసుకోండి. కంటికి తేరుకున్నట్టు కనిపించినా బరువు తగ్గుతూ ఉంటే ఇంకా కోలుకోనట్టే.

ఒంటరితనం బాతును కుంగదీస్తుంది. అంటువ్యాధి కాదని తేలితే తోటి బాతు అరుపు వినిపించేంత దూరంలో ఉంచండి. బయట దొరికిన బాతునైతే ఎంత హుషారుగా ఉన్నా నెల రోజులు వేరుగానే ఉంచాలి. తిరిగి కలిపేటప్పుడు కొన్నాళ్లు కంచెకు అటూ ఇటూ ఉంచండి, లేకపోతే పాతవి పొడుస్తాయి. మొదటిసారి నీళ్లలోకి ఎండపూట, కాసేపే వదలండి. బయటికొచ్చాక ఒంటి మీద నీళ్లు పూసల్లా జారిపోకుండా లోపలికి ఇంకుతుంటే, ఆరబెట్టి ఇంకొన్నాళ్లు ఆపండి.